కణితి స్రావాలకు ఎముక మజ్జ లేఖ

మహారాజశ్రీ కణితి స్రావాల వారి సముఖమునకు ఎముక మజ్జ వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. మీ కుశలమూ నా కుశలమూ ఒక దేహంలో ఇమిడేవి కావు కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఎక్కడైనా గాయమైతే కబురు రావడం, నేను మూలకణాలను పంపడం, అవి మరమ్మతులో చేయి వేయడం మా పాత మర్యాద. మీరు ఆ కబురునే పొల్లుపోకుండా వల్లించారు. కణాల మధ్య కబుర్లు మోసే అవే సైటోకైన్లు, కణాలను రప్పించే అవే కీమోకైన్లు, గాయం మాన్పడంలో పాలుపంచుకునే అదే టీజీఎఫ్ బీటా ప్రోటీను! 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే వైద్య పరిశోధకుడు కణితులను మానని గాయాలన్నప్పుడు మీరు పొగడ్త అనుకున్నట్టున్నారు.

పోనీ, వచ్చినవారిచేత మరమ్మతైనా చేయించారా? ఎముక, కొవ్వు వంటి కణాలుగా మారగల నా మీసెంకైమల్ మూలకణం మీలో చాలాకాలం నానితే తన తీరు మరచి, కణితిని సాకే ఫైబ్రోబ్లాస్టులా, అంటే కణజాలానికి అల్లిక వేసే కణంలా, తయారవుతుంది. ప్రయోగశాలలో ఇది చూపడానికి క్యాన్సర్ కణం పక్కన ఉండనక్కర్లేదు. అది పెరిగిన ద్రవాన్ని వడపోసి పోస్తే చాలు. యజమాని గడప దాటకుండానే పని చక్కబెట్టే ఇలాంటి గుమాస్తాలు ఎవరికి దొరుకుతారు!

మీలోని ఎక్సోసోములకు, అంటే కణాలు బయటికి వదిలే సూక్ష్మ సంచులకు, ప్రత్యేక నమస్కారం. చూస్తే 30 నుంచి 150 నానోమీటర్లు, కడుపునిండా ప్రోటీన్లూ ఆర్ఎన్ఏలూ. ఒకప్పుడు వాటిని కణాలు పారబోసే చెత్త అనుకున్నారు. ఆ చిన్నచూపు మీకు బాగా కలిసొచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్సోసోములు నా ఇంట్లోకే వచ్చి నా కణాలకు పాఠాలు చెప్పి, క్యాన్సర్ పాకే దారి సులువు చేస్తాయని 2012లో ఎలుకల్లో తేలింది. పిలిపించుకోవడం చాలక ఇంటికొచ్చి మరీ!

అన్నిటికన్నా నన్ను నొప్పించింది 2007 నాటి సంగతి. ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ కణాలు నా వాళ్ళచేత సీసీఎల్5 అనే కీమోకైన్‌ను విడుదల చేయించి, దాన్ని అందుకుని ఊపిరితిత్తులకు పాకాయి. దారి ఖర్చులు కూడా మావే అన్నమాట. అయితే ఆ పరిశోధనలోనే మీకు రుచించని మాట ఒకటుంది: పాకే ఆ చురుకు శాశ్వతం కాదు, సీసీఎల్5ను అందుకునే సీసీఆర్5 అనే గ్రాహకానికి చేరే ఆ సంకేతంపైనే ఆధారపడింది. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మారవిరాక్ అదే ఏడాది అమెరికాలో హెచ్ఐవీ మందుగా అనుమతి పొందింది. క్యాన్సర్‌పై దాని సంగతి ఇంకా తేలలేదు కాబట్టి మీరు ధీమాగానే ఉండవచ్చు.

దయచేసి దీనికి బదులు మాత్రం పంపకండి. మీ కబుర్లు అందుకునే నా వాళ్ళు ఇలా అయ్యారు.

ఇట్లు,
ఎముక మజ్జ