ప్లేట్‌లెట్లు తగ్గితే అన్నీ డెంగీలే కావు

వానాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో జ్వరానికి ఒకటే లెక్క. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ. సెలైన్, బొప్పాయి ఆకు రసం, రోజూ కౌంట్ చూసుకుంటూ టెన్షన్. చాలామంది పిల్లలు వారం, పది రోజుల్లో కోలుకుంటారు. నా బాధంతా కోలుకోని ఆ ఒక్క పిల్లాడి గురించే. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. ముఖం పాలిపోతుంది. రాత్రిళ్లు కాళ్లు నొప్పులని ఏడుస్తాడు. దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు పడతాయి. రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ పట్టిస్తారు. నొప్పులు ఆగకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తాడు. మర్నాటికల్లా పిల్లాడు లేచి ఆడుకుంటాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

భయపడాల్సింది అప్పుడే. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువ కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. ఈ లక్షణాలు దానివీ కావచ్చు. దాని చికిత్సలో స్టెరాయిడ్ కూడా ఒక మందే. జబ్బేమిటో తేలకముందే అది ఒంట్లో పడితే క్యాన్సర్ కణాలు కొన్నాళ్లు అణిగిపోతాయి. బోన్‌మారో (ఎముక మజ్జ) పరీక్ష చేసినా సరిగా దొరకవు. నెల, రెండు నెలలు చేతులారా పోతాయి.

దీన్ని ముందే పట్టుకోవడానికి మొదట కావాల్సింది స్మియర్ పరీక్ష. గాజు పలక మీద ఒక రక్తపు చుక్కను పలచగా సాగదీసి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. తెల్లకణాలు ఎన్నున్నాయో మెషీన్ లెక్కపెట్టి చెబుతుంది. అవి ఎదగని బ్లాస్ట్ కణాలా అన్నది అనుభవమున్న పాథాలజిస్టు కంటితో చూసి తేల్చాలి. రెండు వారాలైనా ప్లేట్‌లెట్లు పెరగక, హిమోగ్లోబిన్ కూడా పడిపోతుంటే ఈ పరీక్ష అడిగి మరీ చేయించండి. కొత్త క్యాన్సర్ భవనాలకు శంకుస్థాపనలు చేసే ముందు ప్రతి ఏరియా ఆసుపత్రిలో స్మియర్ చదివే డాక్టరు ఉన్నారో లేదో ప్రభుత్వాలు చూడాలి.

మందుకు కొదవ లేదు. బోస్టన్‌లో 16 మంది ల్యుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ మందు వచ్చిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనను నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అదే ఏడాది కన్నుమూశారు. ఆ కోవలోదే అయిన మెథోట్రెక్సేట్‌ను ఈ పిల్లలకు ఇవాళ్టికీ వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా దక్కడం లేదు.

జబ్బు బయటపడ్డాక కూడా పిల్లలు చేజారిపోతారు. చికిత్స రెండేళ్లు దాటుతుంది. ఆరోగ్యశ్రీ కింద కీమోకు డబ్బు కట్టక్కర్లేకపోవచ్చు. బస్సు చార్జీలు, ఊరుకాని ఊళ్లో గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? ఆరు నెలలకే పిల్లాడు బొద్దుగా, హుషారుగా కనిపిస్తాడు. తగ్గిపోయిందిగా అని ఇంటికి తీసుకుపోతారు.

ఇంటి దగ్గర మందులేయడం కూడా తేలిక కాదు. మెర్‌క్యాప్టోప్యూరిన్ అనే క్యాన్సర్ మందు రోజూ వేయాలి, కొందరికైతే ఒకరోజు మాత్ర, ఒకరోజు సగం. పసుపురంగు మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. చదువురాని తల్లి ఆ రోజు గుర్తుండటానికి గోడ క్యాలెండర్ మీద కుంకుమ బొట్టు పెట్టుకుంటుంది. “అమ్మా, ఈ నెల రాలేదేం? బాబు ఎలా ఉన్నాడు?” అని ఆ తల్లికి ఫోన్ చేసి అడిగే మనిషిని ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో జీతమిచ్చి పెట్టాలి.