ఉన్నది ఒక్క స్క్రీన్, ఆ ఒక్క షో ఎవరికి?

ఏ మల్టీప్లెక్స్ చైన్‌కూ చెందని, ఒక్క స్క్రీన్ మాత్రమే ఉన్న సినిమా హాలు అది. వచ్చే నెల షోల షెడ్యూల్ వేయాలి. హాలు లెక్కలు చూసే మేనేజర్‌ది ఒక మాట, సినిమాలు ఎంపిక చేసే ప్రోగ్రామర్‌ది ఇంకో మాట.

మేనేజర్: పెద్ద సినిమా రిలీజవుతోంది. అన్ని షోలూ దానికే ఇచ్చేద్దాం. ఆ కలెక్షన్‌తోనే నెలంతా కరెంటు బిల్లూ జీతాలూ గడవాలి.

ప్రోగ్రామర్: ఆ సినిమా మల్టీప్లెక్సులన్నింట్లోనూ ఉంటుంది సర్. జనం మన హాలుకే ఎందుకు రావాలి? పైగా మొదటి వారం టికెట్ డబ్బులో పెద్ద వాటా డిస్ట్రిబ్యూటర్‌దే. వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరిగే ఒప్పందాలు ఉన్నాయి కదా, మూడో వారంలో తీసుకుందాం.

మేనేజర్: మూడో వారానికి చూసేవాళ్లు చూసేసి ఉంటారు. మిగిలినవాళ్లు ఎలాగూ ఓటీటీలో వస్తుందని కదలరు. ఖాళీ సీట్ల మీద వాటా ఎంత పెరిగితే ఏం లాభమమ్మా?

(ఇక్కడ మేనేజర్ మాటే గట్టిది. ప్రోగ్రామర్ కూడా దాన్ని కాదనలేదు.)

ప్రోగ్రామర్: సరే, మొదటి వారమే వేద్దాం. కానీ వారంలో ఒక్క సాయంత్రం షో నాకు వదిలేయండి. ప్రతివారం అదే రోజు, అదే టైమ్. అందులో ఒకే చిన్న సినిమాను నాలుగు వారాలు వేస్తాను. ఇప్పుడు మనం చేస్తున్నదేంటి? చిన్న సినిమాకు ఒక్క షో ఇస్తాం. చూసినవాళ్లు బాగుందని నలుగురికి చెబుతారు. ఆ నలుగురూ వచ్చేసరికి సినిమా ఉండదు. పబ్లిసిటీకి డబ్బు లేని సినిమాకు మౌత్ టాక్ తప్ప ఇంకేముంది? అది పాకడానికి టైమ్ కావాలి. ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ 1975లో మామూలుగా రిలీజైనప్పుడు ఆడలేదు. 1976లో న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్ దాన్ని అర్ధరాత్రి షోగా వేయడం మొదలుపెట్టింది. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు, తెర మీది మాటలకు సీట్లలోంచి జవాబులు అరిచారు. అలా దానికి జనం దొరికారు సర్!

మేనేజర్: గెలిచినదాని పేరు చెప్పావు. అర్ధరాత్రి వేసినా జనం రానివి ఎన్నో ఎవరైనా రాసిపెట్టారా? అయినా నేను ఒప్పుకున్నా డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకోవాలిగా. అన్ని షోలూ నా సినిమాకే, ఇన్ని వారాలు తీయకూడదు అంటాడు. కాదంటే సినిమా ఇవ్వడు.

ప్రోగ్రామర్: ఆ ఒత్తిడి ఎప్పటినుంచో ఉన్నదే. అమెరికాలో స్టూడియోలు ఒక మంచి సినిమా కావాలంటే దాంతోపాటు ఇంకో కట్ట సినిమాలు తీసుకోవాల్సిందేనని హాళ్లకు అంటగట్టేవి. 1948లో పారామౌంట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది తప్పంది.

మేనేజర్: ఆ కేసు తాలూకు ఉత్తర్వులను 2020లో ఎత్తేశారు కూడా.

ప్రోగ్రామర్: ఎత్తేశారు. కానీ ఫ్రాన్స్ సంగతి చూడండి. నేనడిగే ఇలాంటి చిన్న సినిమాలు వేసే హాళ్లు 1955లోనే సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు అలాంటి హాళ్లకు ప్రభుత్వ సాయం కూడా అందుతోంది. వేరే సినిమాలు వేయడం కూడా హాలు చేయాల్సిన పనేనని వాళ్లు గట్టిగా నిలబడబట్టే కదా!

మేనేజర్: మనకు ఆ సాయం లేదు. సరే, నీ సినిమా తెప్పించడానికి ఖర్చు?

ప్రోగ్రామర్: రీళ్ల కాలంలో 2 గంటల సినిమా అంటే 3 కిలోమీటర్లకు పైగా ఫిల్ము. ప్రింటు వేయడం, మోయడం, తిప్పి పంపడం అన్నీ ఖర్చే. ఇప్పుడు వచ్చేది డీసీపీ, అంటే హాళ్ల కోసం తయారుచేసిన సినిమా డిజిటల్ ఫైళ్లు. ఒక డ్రైవ్‌లో సరిపోతుంది.

మేనేజర్: తాళం సంగతి మర్చిపోకు. తాళం వేసి పంపిన సినిమా అయితే కేడీఎం, అంటే దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి, ఉండాలి. అది మన సర్వర్‌కే, ఇచ్చిన తేదీలకే పనిచేస్తుంది. మర్నాడు ఇంకో షో వేద్దామన్నా తెరుచుకోదు.

ప్రోగ్రామర్: అందుకే ముందే నాలుగు వారాలకు అడగాలి. సినిమాను చూపించడానికే హాలు దొరకనివాళ్లు నాలుగు వారాలంటే వద్దంటారా?

మేనేజర్: జనం సంగతి చెప్పు. ఇంట్లో పెద్ద టీవీ ఉంది. నీ నిదానపు సినిమా కోసం బయటికొస్తారా?

ప్రోగ్రామర్: నిదానపు సినిమాకే హాలు ఎక్కువ అవసరం సర్. మనిషి కిటికీ దగ్గర ఊరికే నిలబడ్డ షాట్ నిమిషంపాటు నడిస్తే, ఇంట్లో చెయ్యి ఫోన్ మీదికో రిమోట్ మీదికో పోతుంది. ఇక్కడ పోదు. చీకట్లో పక్కవాళ్లూ కదలకుండా చూస్తుంటారు. అప్పుడు ఆ షాట్‌లో దూరంగా వినిపించే బండి చప్పుడూ, ఆ మనిషి భుజం కొంచెం వాలడమూ తెలుస్తాయి. దర్శకుడు తీసింది వాటికోసమే. మనం కూడా వేయకపోతే ఆ సినిమా తీసినట్టు ఎవరికీ తెలియదు. నాకు బాధగా ఉండేది అక్కడే.

మేనేజర్: నాలుగు వారాల తర్వాత కూడా ముప్పాతిక హాలు ఖాళీగా ఉంటే?

ప్రోగ్రామర్: ఆ సినిమా తీసేసి ఇంకోటి వేస్తాను. షో మాత్రం ఉండనివ్వండి.

మేనేజర్: షో ఉండాలంటే కొత్త సినిమా ఒప్పందంలోనే ఆ సాయంత్రాన్ని మినహాయించాలి. ఈ శుక్రవారం సినిమాకు కుదరదు, మాట ఇచ్చేశాను. ఆ తర్వాతి సినిమాకు అడుగుతాను. ఏ రోజు కావాలో ఇవాళే చెప్పు.

ప్రోగ్రామర్: మంగళవారం.