ఏది చూపిస్తే అదే సమస్య

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తెల్లారితే ముందుగా తెరిచేది ఇప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపునే. ఎవరింట్లో చావు జరిగింది, కరెంటు ఎప్పుడు తీస్తారు, వడ్ల కేంద్రానికి గోనె సంచులు వచ్చాయా లేదా అన్న కబుర్లన్నీ అందులోనే తెలుస్తున్నాయి. బొంబాయికో పుణెకో బతుకుదెరువుకు పోయిన కొడుకు కూడా వాటిని అక్కడి నుంచే చదువుతున్నాడు. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. అయితే ఫోన్లో కనబడిందే వార్త, కనబడనిది జరగనే లేదు అన్నంతగా అలవాటు ముదిరితే, ఓటు అడగడానికి వచ్చిన నాయకుణ్ని ఏం నిలదీయాలో కూడా ఆ ఫోనే నిర్ణయిస్తుంది. ఈ జిల్లాల రాజకీయం ఇప్పుడు అటే నడుస్తోంది.

ఒకప్పుడు ఇక్కడి జనమే తమ గోసను వార్తగా మార్చుకున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల సంగతి దేశానికి తెలియాలని పెద్ద ఎత్తున నామినేషన్లు వేయడంతో నల్లగొండ స్థానంలో అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, జాతీయ పత్రికలకు నల్లగొండ నీళ్ల గురించి రాయక తప్పలేదు. అదే ఏడాది లోక్‌సభ జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కంటే ముందు ఢిల్లీ నుంచి వచ్చిన జవాబు అదే! ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లాలు వచ్చాయి గానీ, అప్పటికే ఎముకలు వంగిపోయిన తరం మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఇంకా ఉంది. వాళ్ల పింఛన్లు, మందుల మాట ఏ తెర మీదా కనిపించడం లేదు కనుక ఏ సభలోనూ వినిపించడం లేదు.

అదే నల్లగొండకు శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న పాలమూరు ప్రాంతంలోని దోమలపెంట దగ్గర కూలి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారాల తరబడి ఛానెళ్లు అక్కడి నుంచి వదల్లేదు. ఏ యంత్రం లోపలికి వెళ్లింది, కేరళ నుంచి తెచ్చిన జాగిలాలు ఎక్కడ ఆగాయి, ఇరుకు బొరియల్లో దూరి తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు ఏమన్నారు అన్నది గంట గంటకూ చూపించారు. మార్చిలో రెండు మృతదేహాలు బయటపడ్డాయి. ఆ తర్వాత కెమెరాలు సర్దుకున్నాయి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం రెండు దశాబ్దాలైనా ఎందుకు పూర్తికాలేదన్న ప్రశ్న ప్రమాదం జరిగిన రోజుల్లో గట్టిగా అడగదగినది, ఆ తర్వాత అడిగి తీరవలసినది. చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. దేశమంతటికీ వలస కూలీలను పంపిన పాలమూరు గడ్డ మీద మరో రాష్ట్రం వలస కూలీలు ఎంత కూలికి, ఏ రక్షణతో పని చేస్తున్నారో ఆరా తీసిన చర్చ మాత్రం చాలా తక్కువ.

నల్లగొండ జిల్లా మునుగోడు అసెంబ్లీ ఉప ఎన్నికలో ఈ తీరు ఇంకో మెట్టు దిగింది. 2022 నవంబర్ 3న దాదాపు 93 శాతం మంది ఓటేశారు. దాన్ని ప్రజాస్వామ్య చైతన్యమని మెచ్చుకున్న నోళ్లే ఓటు ధర ఎంత పలుకుతోందో పత్తి ధర చెప్పినంత మామూలుగా చెప్పాయి. అసెంబ్లీ అభ్యర్థి చట్టం ప్రకారం పెట్టగల ఖర్చు 40 లక్షలే అన్న గుర్తు ఆ చర్చల్లో లేదు. తమకు పంచలేదని, ఇచ్చింది తక్కువని కొన్ని ఊళ్లలో ఓటర్లు బహిరంగంగానే నిలదీశారంటే, డబ్బు తీసుకోవడంలో ఉండవలసిన బిడియాన్ని ఆ రోజువారీ రేట్ల ప్రసారం ఎంత చెరిపేసిందో అర్థమవుతుంది. పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందే టీవీలో ప్రచారం ఆగాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. ఫార్వర్డ్ మెసేజ్‌కు ఆ గడియారం లేదు. పోలింగ్ రోజునే ఒక అభ్యర్థి పార్టీ మారిపోతున్నారన్న తప్పుడు ప్రచారం ఫోన్లలో తిరగడంతో, ఆ అభ్యర్థే స్వయంగా ఫిర్యాదు చేసుకోవలసి వచ్చింది.

పుకారును ఎలా ఆపవచ్చో ఈ ప్రాంతమే ఒకసారి చూపించింది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వీడియోలు గద్వాల ఊళ్లకు చేరి, జనం చీకటి పడకముందే తలుపులు వేసుకునే పరిస్థితి వచ్చినప్పుడు, అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబుల్‌ను పంపి, డప్పు పాటలతో అది అబద్ధమని చెప్పించారు. వాట్సాప్ సంస్థ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదుకు పరిమితం చేసింది ఆ తర్వాత, జులైలో. ముఖం తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పడం వల్లే జనం ఆ మాట నమ్మారు.

వార్త విషయంలో అలా ముఖం తెలిసిన మనిషి మండల విలేకరి. 1922లోనే నీలగిరి పత్రికను నడిపిన నల్లగొండలో, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిని కన్న పాలమూరులో ఆ విలేకరి ఇవాళ ఏ స్థితిలో ఉన్నాడు? చాలాచోట్ల అతనికి జీతం లేదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంది. పెట్రోలు ఖర్చుకే సరిపోని ఆ డబ్బుకు తోడు పండుగకొకటి, జెండా పండుగకొకటి ప్రకటనల టార్గెట్ ఉంది. చెరువు శిఖం భూమి కబ్జా గురించి ఏ నాయకుడి మీద రాయాలో, పంద్రాగస్టు శుభాకాంక్షల ప్రకటన కోసం అదే నాయకుడి ఇంటి ముందు నిలబడాలి. నిలబడ్డాక ఏ వార్త వస్తుందో, ఏది ఆగుతుందో పాఠకులకు తెలియనిది కాదు. జిల్లా పేజీలో పుట్టినరోజు ఫొటోల పక్కన జనం సమస్యలకు చోటు ఎందుకు చాలడం లేదో అడిగేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. డబ్బు తీసుకుని ప్రకటనను వార్తలా వేసే పెయిడ్ న్యూస్ సంగతిని ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లోనే తన నివేదికలో తేల్చి చెప్పింది. అయితే అభిశంసించడానికి మించి కౌన్సిల్‌కు అధికారం లేదు, కాబట్టి ఆ నివేదిక తర్వాత కూడా కింది స్థాయిలో ఏమీ మారలేదు. యూట్యూబ్ ఛానెళ్లు ఇదే పద్ధతిని ఇంకా చవకగా నేర్చుకున్నాయి.

కాబట్టి పౌరులకు ఫోన్ తగ్గించుకోమని హితబోధ చేసే ముందు పత్రికలు, ఛానెళ్లు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలి. ప్రకటన వసూలు చేసే పనిని విలేకరి చేతి నుంచి పూర్తిగా తీసేయాలి. మండల విలేకరికి నెల జీతం ఇవ్వాలి. డబ్బు తీసుకుని వేసిన ప్రతి కథనం మీదా ప్రకటన అని కనబడేటంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. యాజమాన్యాలు తలచుకుంటే వచ్చే పంద్రాగస్టు ప్రకటనలతోనే మొదలుపెట్టవచ్చు.