‘ఎ వీక్ ఎవే’పై వినిపించే ఆరోపణల్లో నిజమెంత?

2021 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘ఎ వీక్ ఎవే’ అనే క్రైస్తవ పాటల సినిమా గురించి ఒక అభిప్రాయం విస్తృతంగా చలామణిలో ఉంది. భక్తులైన ప్రేక్షకులను ఆకట్టుకోవడానికి నెట్‌ఫ్లిక్సే ఆ సినిమాను వండిందనీ, అది డిస్నీ వారి పాటల సినిమా ‘హైస్కూల్ మ్యూజికల్’కు నకలనీ, పాటలన్నీ ఆ నకలు కోసం హడావిడిగా అల్లినవనీ, లోపల ఉన్నదంతా మతబోధేననీ దాని సారాంశం.

మొదటి మాట తేలికగానే వీగిపోతుంది. సినిమాను నిర్మించింది మోనార్క్ మీడియా, ప్రసారం చేసింది నెట్‌ఫ్లిక్స్. రచయితల్లో ఒకరైన అలన్ పావెల్ ‘ఆంథెమ్ లైట్స్’ అనే క్రైస్తవ గాయక బృందంలో పాడినవాడు కనుక, ఇది బయటివారు లెక్కలు వేసుకుని చేసిన సరుకు కాదు.

నకలు అనే అనుమానానికి కొంత కారణం లేకపోలేదు. కథానాయకుడు విల్‌గా నటించిన కెవిన్ క్విన్ అంతకుముందు డిస్నీ ఛానల్ వారి క్యాంపు ధారావాహిక ‘బంక్డ్’లో నటించాడు; అబ్బాయీ అమ్మాయీ మాటల మధ్యలో పాట అందుకునే పద్ధతి కూడా మనకు పరిచితమే. కానీ ఆ పద్ధతి 2006 నాటి ‘హైస్కూల్ మ్యూజికల్’ కనిపెట్టినది కాదు, 1978లో వచ్చిన పాటల సినిమా ‘గ్రీజ్’ నాటికే అది పాతది. పైగా ‘హైస్కూల్ మ్యూజికల్’ నాయకుడు బడి అంతా నెత్తిన పెట్టుకున్న ఆటగాడు. విల్ తల్లిదండ్రులు లేనివాడు, పోలీసు కారు దొంగిలించి పట్టుబడి, బాలనేరస్థుల నిర్బంధానికి బదులు వారం రోజుల క్రైస్తవ వేసవి క్యాంపుకు వచ్చినవాడు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు పాటల విషయంలో జరుగుతోంది. కొత్త పాటలు కొన్ని ఉన్నమాట నిజమే అయినా, సినిమాకు వెన్నెముకగా నిలిచినవి అమెరికా చర్చిల యువత దశాబ్దాలుగా పాడుకుంటున్న పాటలు: రిచ్ మల్లిన్స్ 1988లో అందించిన ‘ఆసమ్ గాడ్’, స్టీవెన్ కర్టిస్ చాప్‌మన్ పాడిన ‘ది గ్రేట్ అడ్వెంచర్’, ‘డైవ్’, ఆడియో అడ్రినలిన్ బృందపు ‘బిగ్ హౌస్’. మైకేల్ డబ్ల్యూ. స్మిత్ పాడిన ‘ప్లేస్ ఇన్ దిస్ వరల్డ్’ 1991లో అమెరికా పాటల ఆదరణ జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆరో స్థానానికి చేరితే, ఎమీ గ్రాంట్ పాడిన ‘బేబీ బేబీ’ అదే ఏడాది మొదటి స్థానాన్నే అందుకుంది. ఈ రెండో పాట ఆమె తన పసిపాపను చూసి రాసుకున్నది. అది తర్వాత ప్రేమపాటగా స్థిరపడిపోవడం వేరే ముచ్చట. ‘ఆసమ్ గాడ్’ను 2018 నాటి ‘గాడ్ ఓన్లీ నోస్’తో జోడించి పాడించడంలోని ఉద్దేశం కూడా, తల్లిదండ్రుల తరం పాటను పిల్లల తరం పాట పక్కన నిలబెట్టడమే కావచ్చు.

ఇక మతబోధ సంగతి. కథ జరిగేదే క్రైస్తవ క్యాంపులో కాబట్టి ప్రార్థన, దేవుని ప్రస్తావన ఉండటం సహజం. అమెరికాలో ఇటువంటి క్యాంపులకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది, వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువజన సంఘం) సంప్రదాయంలో పుట్టిన క్యాంప్ డడ్లీ 1885 నాటిది. మన చర్చిల్లో వేసవి సెలవుల్లో జరిగే వీబీఎస్‌కు (వెకేషన్ బైబిల్ స్కూల్) వెళ్లినవారికి ఆ పాటల హుషారు పరిచయమే, అయితే ఆ అమెరికా క్యాంపుల్లో పిల్లలు రాత్రిళ్లు కూడా ఉండిపోతారు. కథ మాత్రం విల్ తన గతాన్ని దాచడం, అది బయటపడటం, చివరికి అతనికి తనవాళ్లు దొరకడం చుట్టూనే తిరుగుతుంది. సిద్ధాంత చర్చకు అందులో చోటు చాలా తక్కువ. తప్పు పట్టాలనుకునేవారు నిజానికి ప్రతినాయకుడి పాత్రను పట్టుకోవలసింది, ఎందుకంటే అతని అసూయకు కథలో సరైన కారణమే కనిపించదు.