బోర్డర్‌లో ఉన్నవాళ్లను కదిలించకండి

"షుగర్ ఉందా?" అని ఎవరైనా అడిగితే నేను నిటారుగా కూర్చుని, "లేదండీ, బోర్డర్‌లో ఉంది" అంటాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం వినిపిస్తుందని మా ఆవిడ ఫిర్యాదు. వినిపిస్తే తప్పేముంది? బోర్డర్‌లో ఉండేవాళ్లంటే లోకానికి గౌరవం. నాలుగేళ్లుగా నేను పగలూ రాత్రీ అక్కడే ఉన్నాను, సోఫా దిగకుండా. ఒక్కరైనా పిలిచి సన్మానం చేశారా?

మా ప్రాంతం గురించి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పరగడుపున తీసిన రక్తంలో డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు గ్లూకోజ్ ఉంటే మామూలు మనుషులు. 126 గానీ అంతకు మించి గానీ వచ్చి, ఇంకోసారి చేసినా అలాగే తేలితే షుగర్ ఉన్నట్టు. ఈ రెంటికీ మధ్య 100 నుంచి 125 దాకా ఉన్న సన్నటి జాగా మాది. డాక్టర్లు దీనికి ప్రీడయాబెటిస్ అని పేరు పెట్టారు గానీ మాకెవరికీ నచ్చలేదు. "ప్రీ" అనగానే ముందేదో రాబోతోందని టెన్షన్. బోర్డర్ అంటే ఆ గొడవ లేదు. అది చిరునామా. ఇల్లు కట్టుకుని ఉండిపోవచ్చు.

పైగా ఈ సరిహద్దు ఎవరో శిలాశాసనం వేసి ఇచ్చిందేమీ కాదు. 2003కి ముందు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కలో అది 110 దగ్గర మొదలయ్యేది. ఆ ఏడాది దాన్ని 100కి జరిపారు. అంటే 105తో హాయిగా నిద్రపోయినవాడు, ఒంట్లో చిటికెడు చక్కెర పెరగకుండానే, తెల్లారేసరికి మా పొరుగువాడైపోయాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఇప్పటికీ 110 దగ్గరే రాయి పాతుకుని కూర్చుంది. అంత పెద్ద సంస్థలకే తెగని గట్టు తగాదాలో నాలాంటివాడు తలదూర్చడం మర్యాద కాదు. అందుకే అది తేలేదాకా ఉన్నచోటు నుంచి కదలకూడదని నిర్ణయించుకున్నాను.

బోర్డర్ జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఏడాదికోసారి వచ్చే రక్తపరీక్ష. దానికి మూడు రోజుల ముందు నుంచి మేమంతా మహర్షులమైపోతాం. కాఫీలో చక్కెర ఉండదు. బిస్కెట్ డబ్బా అలమరా పై అరకి ఎక్కుతుంది. కంచంలో దోసకాయ ముక్కలు, ముఖంలో వైరాగ్యం. పోయినేడు పరీక్ష ముందురోజు సాయంత్రం నేను ఏకంగా గంటన్నర నడిచాను. మర్నాడు 108 వచ్చింది. ఆ కాగితాన్ని ఫోటో తీసి బంధువులందరికీ పంపి, ఆ ఆనందంలో ఇంటికి కేకు తెచ్చాను. రెండు ముక్కలే తిన్నాను. కత్తి పట్టుకున్నది నేనే కాబట్టి ముక్క ఎంత అన్నది నా ఇష్టం.

ఈ ఏడాది డాక్టరుగారు పద్ధతి మార్చారు. "ఇదొక్కటీ చాలదు, మూడు నెలల టెస్టు కూడా చేయిద్దాం" అన్నారు. మూడు రోజులు తపస్సు చేసిన మనిషిని మూడు నెలల గురించి అడగడం ఏ న్యాయం? తర్వాత తెలిసిందేమిటంటే, మన ఎర్రకణం నాలుగు నెలలు, అంటే 120 రోజుల దాకా బతుకుతుందట. బతికినన్నాళ్లూ రక్తంలో తిరిగే చక్కెర కొద్దికొద్దిగా దాని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటూ ఉంటుంది. అంటుకున్నది ఆ కణం పోయేదాకా వదలదు. ఎంత శాతానికి అంటుకుందో లెక్కపెట్టి చెప్పేదే ఆ పరీక్ష. తల్లి పాలు తాగి రొమ్ము గుద్దడమంటే ఇదే. నా ఒంట్లో, నా తిండి తిని పెరిగిన కణాలు, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తెరిచిన సంగతులన్నీ ఒంటికి రాసుకుని తిరుగుతున్నాయి.

అందులో బోర్డర్ 5.7 నుంచి 6.4 దాకా. నాకు 6.3.

"ఇంకా లోపలే ఉన్నాను కదండీ?" అన్నాను ఆశగా.

డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "బరువెంత?"

"ఎనభై నాలుగు."

"ఆరు కిలోలు తగ్గండి. రోజుకో అరగంట, వారానికి అయిదు రోజులు, కాస్త చురుగ్గా నడవండి."

కాసేపు ఆగాను. ఆయన ఇంకేమీ అనలేదు. "మరి మందు?" అన్నాను.

"అదే మందు."

నాకు అవమానమనిపించింది. ఎన్నో ఆశలతో వెళ్లాను. కనీసం ఏదో దేశం నుంచి వచ్చిన చేదు గింజలో, నోరు తిరగని పేరున్న పొడో రాస్తారనుకున్నాను. అలాంటిదైతే నలుగురిలో చెప్పుకోవడానికి ఉంటుంది. రేపు ఎవరైనా "ఏం వాడుతున్నారు?" అని అడిగితే నేనేం చెప్పాలి? చెప్పులు వాడుతున్నానని చెప్పాలా?

ఈ సలహా తప్పని నిరూపిద్దామని కూర్చుని చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది. అమెరికాలో 3,234 మంది బోర్డర్ పౌరులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ఉత్తుత్తి మాత్ర, ఒక జట్టుకి షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర. మూడో జట్టుకి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల కదలిక. 2002లో ఫలితం బయటపెట్టారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది. నడిచినవాళ్లలో 58 శాతం. అంతకు ముందు ఏడాదే ఫిన్లాండ్‌లో 522 మందితో ఇలాంటి ప్రయత్నమే చేశారు. అక్కడా అదే 58. రెండు దేశాలవాళ్లు కూడబలుక్కున్నారని నా గట్టి అనుమానం. చైనావాళ్లైతే మరీ ఘోరం. దాచింగ్ అనే ఊళ్లో 1986లో మొదలుపెట్టి, ఆరేళ్లు జనం చేత తిండీ నడకా మార్పించి, ముప్పై ఏళ్ల దాకా వాళ్లను వదలకుండా చూశారు. ఆ జట్లలో షుగర్ రావడం దాదాపు నాలుగేళ్లు వెనక్కి జరిగింది. గుండెజబ్బులూ తగ్గాయి. అప్పు ఇచ్చినవాడు కూడా ముప్పై ఏళ్లు వెంటపడడు కదా!

అందులో నన్ను బాగా బాధపెట్టింది ఆ 7 శాతం. మనిషి సన్నబడి పాత పెళ్లి ఫోటోలా తయారవ్వాలంటే, అది మన వల్ల కాదులే అని హాయిగా చేతులెత్తేయొచ్చు. నూటికి ఏడు అనేసరికి ఆ హాయి కూడా పోయింది.

నేనేమీ ప్రయత్నించలేదనుకోకండి. చక్కెర మానేసి తేనెలోకి దిగాను. తేనె ప్రకృతి ఇచ్చింది కాబట్టి ఎన్ని చెంచాలైనా ఒంటికి పట్టదని నా నమ్మకం. తేనెలో ఉండేది కూడా గ్లూకోజూ ఫ్రక్టోజేనని, ఒంట్లోకి వెళ్లాక అది తేనెటీగ సిఫార్సు ఉత్తరమేమీ చూపించదని తెలిసి పళ్లరసానికి మారాను. గ్లాసుడు రసానికి నాలుగు నారింజలు. నాలుగు పళ్లు వరసగా తినమంటే రెండోదానికే విసుగొస్తుంది. రసమైతే గుటకలో పోతుంది, పీచు జల్లెడలో మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాలో తేనెనూ పళ్లరసాన్నీ చక్కెర పద్దులోనే రాసింది. ఆ పద్దు మొత్తం రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మరీ మంచిదట. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బాలో దాదాపు 35 గ్రాములుంటుంది. మూత తీసిన చప్పుడుకే రోజు కోటా అయిపోతుందన్నమాట.

నడకలో కూడా నాది సిద్ధాంతపరమైన అభ్యంతరం. రోజుకు పదివేల అడుగులన్న లెక్క ఏ మహావైద్యుడో చెప్పిందనుకుని ఏళ్ల తరబడి గౌరవించాను. తీరా చూస్తే 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగులు కొలిచే పరికరం పేరట అది. పదివేల అడుగుల మీటర్ అని. వ్యాపారం కోసం పుట్టిన అంకె కోసం నేను చెమటోడ్చడమా? ఆ రోజు నుంచి ఆత్మగౌరవం కొద్దీ సున్నా దగ్గర ఆగాను. పదివేల కంటే తక్కువ నడిచినా లాభమేనని తర్వాత ఎవరో చెప్పారు గానీ, అప్పటికే మాట ఇచ్చేశాను, నాకు నేనే.

నిద్ర గురించి ఒక్క ముక్క. తక్కువ నిద్రపోతే ఆకలి పెరుగుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఈ సంగతి నేను రాత్రి ఒంటిగంటకు, బరువు తగ్గడం ఎలా అన్న వీడియోలు వరసగా చూస్తూ తెలుసుకున్నాను.

ఇంట్లో అసలు కుట్ర మా ఆవిడది. ఎక్కడి నుంచో వేలికి గుచ్చి చూసే మీటరు తెచ్చింది. ఒక మధ్యాహ్నం భోంచేసి నేను యథాప్రకారం సోఫాలో ఒరిగాను. గంటయ్యాక గుచ్చింది. 178. మర్నాడు అదే వంట, అదే గరిటెతో కొలిచి పెట్టింది. చెయ్యి కడుక్కోగానే, "ఏమండీ, పావుగంట అలా నడిచి రండి" అని తలుపు తీసి నిలబడింది. వచ్చాక, అదే టైముకి గుచ్చింది. 149. కదిలే కండ, ఇన్సులిన్ వచ్చి తలుపు తీసేదాకా ఆగకుండా, రక్తంలో చక్కెరను తనే లాక్కుంటుందట. మీటరు పాడైందన్నాను. మూడో రోజు నడవకుండా చూసింది. మళ్లీ 170 దాటింది. మీటరు బాగుపడిందన్నాను. అలాంటి చోట మనిషి నిలకడగా మాట్లాడలేడు.

ఆఖరి ప్రయత్నంగా డాక్టరుగారికి విన్నవించుకున్నాను. "ఈ కణాలన్నీ నా మీద కక్షగట్టి ఉన్నాయండీ. వీళ్లంతా రిటైరయ్యాక మళ్లీ టెస్టు పెట్టించండి."

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "నాలుగు నెలలాగి రండి. అప్పటికి దాదాపు అందరూ కొత్తవాళ్లే ఉంటారు. సెకనుకి ఇరవై లక్షలకు పైగా పుడుతుంటాయి."

సంతోషంగా మెట్లు దిగుతుంటే బుర్ర వెలిగింది. మెట్లు దిగాను, గమనించండి, లిఫ్టు రిపేరులో ఉంది. ఆ కొత్తవాళ్లు ఎక్కడో పెరిగి రారు. ఈ పూట నుంచే పుడుతున్నారు. నేను ఈ వ్యాసం రాస్తూ కుర్చీలో కూర్చున్న సేపట్లో ఎన్ని వందల కోట్లమంది కళ్లు తెరిచి నన్ను చూశారో!

ప్రస్తుతం రాత్రి భోజనమయ్యాక మా ఆవిడ గుమ్మం దగ్గర నా చెప్పులు జతగా పెడుతోంది. ఫోన్ ఛార్జింగ్‌లో వదిలేసి, అడుగులు ఎవరి లెక్కలోకీ రాకుండా, చడీచప్పుడు లేకుండా వెళ్లొస్తున్నాను. ఎదురింటాయన అడిగితే బోర్డర్‌లో గస్తీ తిరుగుతున్నానని చెప్పాను.