గెంటేస్తే వాడు ఎక్కడికి వెళ్తాడో తెలుసా?

"నువ్వు నా కొడుకువే కాదు, పో బయటికి!" పిల్లవాడు అతివాదం వైపు జారుతున్నాడని తెలిసిన రోజు వలస కుటుంబాల్లో తండ్రి నోట వచ్చే మాట ఇది. అవతల వాడిని లాగుతున్నవాళ్లు కాచుకుని ఉండేది కూడా ఈ మాట కోసమే. "నీ వాళ్లే నిన్ను కాదంటారు, చూస్తూ ఉండు" అని వాళ్లు ముందే నూరిపోసి ఉంటారు. తండ్రి కోపంతో దాన్ని నిజం చేసిపెడతాడు.

వలస ఇంట్లో అసలు చిక్కు భాష దగ్గర మొదలవుతుంది. తిన్నావా, ఎప్పుడొస్తావు అన్నంతవరకు అమ్మభాష సరిపోతుంది. బడిలో జరిగిన అవమానం, దేవుడు, యుద్ధం, అసలు నేనెవరిని? వీటి గురించి మాట్లాడాలంటే పిల్లలకు వచ్చింది ఆ దేశపు భాషే. పెద్దవాళ్లకు అందులో అంత లోతుగా మాట్లాడడం రాదు. అతివాదికి వస్తుంది. పిల్లవాడి యాసలోనే గంటల తరబడి, ఓపిగ్గా మాట్లాడతాడు.

పైగా చాలా ఇళ్లలో బ్యాంకు, ఆసుపత్రి, బడి కాగితాలన్నీ పిల్లల చేతుల మీదుగానే పెద్దలకు చేరతాయి. 2015 ఫిబ్రవరిలో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ నుంచి ముగ్గురు స్కూలు అమ్మాయిలు ఇస్లామిక్ స్టేట్ అనే ఉగ్రవాద ముఠాలో చేరడానికి సిరియా వెళ్లిపోయారు. వాళ్లకంటే ముందే వెళ్లిన స్నేహితురాలి గురించి ప్రశ్నించడానికి అనుమతి కోరుతూ పోలీసులు తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసి, ఆ అమ్మాయిల చేతికే ఇచ్చారు. పిల్లలు వెళ్లిపోయాకే అవి ఇంట్లోవాళ్ల కంటపడ్డాయి. బడి నుంచి, పోలీసుల నుంచి వచ్చే కబురు నేరుగా పెద్దలకే అందేలా అడిగి పెట్టుకోండి.

గడ్డం, బట్టలు చూసి కంగారుపడకండి. పాత స్నేహితులందరినీ ఒక్కసారిగా వదిలేయడం, ఇష్టమైన ఆటా పాటా మానేయడం, ఎవరో రాసిచ్చినట్టు ఒకే రకం వాక్యాలు మాట్లాడడం, ప్రతి మాటలోనూ "మనం, వాళ్లు" అని విడదీయడం: ఇవన్నీ కలిసి కనిపిస్తే పట్టించుకోవాలి. తేదీలతో రాసి పెట్టుకోండి. ఫోన్ లాక్కోవద్దు. ఇంకోటి సంపాదిస్తాడు, మీకున్న ఒక్క కిటికీ మూసుకుపోతుంది. సిద్ధాంతం మీద వాదనకూ దిగొద్దు. వాడు దానికే తయారై వస్తాడు. "ఇది నీకెవరు చెప్పారు? వాళ్లు చెప్పినట్టు చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. తండ్రితో మాటలు ఆగిపోతే అక్కో మేనమామో, ఎవరో ఒకరు రాజకీయాల ఊసెత్తకుండా రోజూ పలకరిస్తూ ఉండాలి.

ఈ జబ్బు కుర్రవాళ్లకే వస్తుందనుకోవడం అన్యాయం. వదిలొచ్చిన దేశపు రాజకీయాల్ని దూరం నుంచే రగిలించడానికి జాతీయవాదం మీద పరిశోధన చేసిన పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ 1992లోనే పేరు పెట్టాడు: దూరదేశ జాతీయవాదం. ఫలితాన్ని అనుభవించాల్సిన అవసరం లేనివాడికి ఆవేశం చవక. రాత్రంతా వాట్సాప్‌లో పక్క మతం మీద విషం పంచుకునే తండ్రికి, పొద్దున్నే కొడుకును సరిదిద్దే నోరు ఉండదు. ఆ గ్రూపుల్లోంచి ముందు ఆయన బయటికి రావాలి.

పరువు పోతుందని దాచిపెట్టడమే అన్నిటికంటే నష్టం. జర్మనీలో వలస శాఖ 2012 జనవరి నుంచి ఇంట్లోవాళ్లు, దగ్గరివాళ్ల కోసం సలహా ఫోన్ నడుపుతోంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పోలీసులు, నగరపాలక సంస్థ కలిసి కుర్రవాళ్లకు మార్గదర్శకుల్ని ఇస్తారు. బ్రిటన్‌లో అతివాదాన్ని ముందే అడ్డుకోవడానికి ప్రభుత్వం నడిపే "ప్రివెంట్" కార్యక్రమం అంటే నిఘా అన్న భయం ముస్లిం కుటుంబాల్లో బలంగా ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. అయినా దానికింద నడిచే "ఛానల్" సాయం ఒప్పుకుంటేనే మొదలవుతుంది, అది నేరం మోపడం కాదు. సలహా తీసుకోవడానికి వ్యవధి ఉన్నప్పుడే ఇవన్నీ. పాస్‌పోర్టు మాయమైనా, దాచుకున్న డబ్బు ఒక్కసారిగా తీసేసినా, అందరికీ క్షమాపణలు చెబుతున్నా ఇంక ఎవరి సలహా కోసమూ ఆగొద్దు. ఆ గంటలోనే పోలీసులకు ఫోన్ చేయండి.