చచ్చిపోయిన కంప్యూటరే వచ్చి సంతకం పెట్టాలట!

మాఘమాసం ముహూర్తాలు తరుముకొస్తున్న వేళ మా డీటీపీ షాపు కంప్యూటరు కాలం చేసింది. పదమూడేళ్లు చాకిరీ చేసింది పాపం. మెకానిక్ వచ్చాడు, డబ్బా విప్పాడు, ర్యామ్ బయటికి లాగి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ గుచ్చాడు, ఒకటికి రెండుసార్లు ఊదాడు. చివరికి "మదర్‌బోర్డు పోయింది సార్, దీనికిప్పుడు పార్టు దొరకదు" అని స్క్రూలన్నీ నా దోసిట్లో పోసి వెళ్లిపోయాడు. హార్డ్‌డిస్కు మాత్రం బతికే ఉంది. పదమూడేళ్ల శుభలేఖలు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు అందులో క్షేమంగా ఉన్నాయి. నిన్న తిట్టిన నాయకుణ్ణి నేడు పొగిడిన పార్టీల కరపత్రాలు కూడా పక్కపక్కనే, ఏ గొడవా లేకుండా ఉన్నాయి.

అప్పు చేసి కొత్త కంప్యూటరు తెచ్చాను. పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, 2011లో 32 వేలు పోసి కొన్న తెలుగు డిజైన్ సాఫ్ట్‌వేర్ సీడీని బీరువాలోంచి తీశాను. సీడీ ఉంది, డబ్బా ఉంది, బిల్లు ఉంది. డబ్బా వెనక అంటించిన సీరియల్ నంబరు మీద ప్లాస్టిక్ టేపు కూడా వేసి కాపాడుకున్నాను. మా అబ్బాయి టెన్త్ మార్కుల మెమోకి కూడా అంత మర్యాద చేయలేదు. కొత్త కంప్యూటరులో సీడీ పెట్టే చోటే లేదు గనక, విడిగా ఒక డ్రైవు కొని తగిలించాను. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. నంబరు కొట్టాను. అప్పుడు తెర మీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. ఈ లైసెన్సు మరో కంప్యూటరులో వాడుకలో ఉందట. ముందు ఆ కంప్యూటరు తెరిచి, అందులో డీయాక్టివేట్ నొక్కి, అంటే అక్కడి లైసెన్సు విడిపించి, తర్వాత ఇక్కడికి రావాలట.

ఆ కంప్యూటరు నా బల్ల కిందే ఉంది. స్క్రూలు నా చేతిలో ఉన్నాయి.

ఇలాంటప్పుడు తొందరపాటు మనుషులు కంపెనీని తిట్టుకుంటారు. నేను ఆ బాపతు కాదు. కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకునే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తాత పేరున ఉన్న రెండెకరాలు మనవడి పేరుకు మారాలంటే మన ఆఫీసుల్లో ఏమేం అడుగుతారు? మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు, సాక్షులు, విచారణ. చెప్పులు అరిగేదాకా తిప్పుతారు, నిజమే. కానీ ఎంత తిప్పినా, తాతగారే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని ఏ తహసీల్దారూ ఇంతవరకూ అడగలేదు. మన రెవెన్యూ శాఖలో ఇంత పెద్ద లొసుగు ఉందని ఈ సాఫ్ట్‌వేర్ చెప్పేదాకా నాకూ తట్టలేదు.

పైగా వాళ్ల అనుమానంలో న్యాయం లేకపోలేదు. కంప్యూటరు తనంతట తనే పోయిందని రుజువేమిటి? ఒక్క లైసెన్సుతో రెండు కంప్యూటర్లు నడుపుకుందామనే దురాశతో నేనే దాని పీక నొక్కి ఉండొచ్చుగా?

ఇదివరకు ఈ పీడ లేదు. మా తరం డీటీపీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక 'లాకు' ఇచ్చేవారు. అగ్గిపెట్టెంత ముక్క, కంప్యూటరు వెనక ప్రింటర్ తగిలించే చోట బిగించాలి. అది ఉంటే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, లేకపోతే లేదు. రాత్రి షాపు కట్టేటప్పుడు దాన్ని ఊడదీసి, బంగారంలా జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. పోతే నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్లం గానీ, పోగొట్టింది ఎవరో తెలిసేది. తర్వాత కంప్యూటర్లకు ఆ వెడల్పాటి పోర్టే తీసేశారు. తాళంచెవులు మిగిలాయి, తలుపులు పోయాయి. మా బీరువా అరలో ఇప్పటికీ ఒకటుంది, మా మనవరాలు దాన్ని బొమ్మ ఇంటికి ఫ్రిజ్‌గా వాడుతోంది.

ఇప్పుడు తాళం కంపెనీ దగ్గరుంటుంది. మనం ఫోన్ చేసి అడుక్కోవాలి. అడిగాను. ఫోన్‌లో యాక్టివేషన్, అంటే లైసెన్సు తాళం తీయించుకోవడం. తెర మీద తొమ్మిది గడులు, గడికి ఆరేసి అంకెలు, మొత్తం 54. అవతల మనిషి ఉండదు, మిషను. ఒక్కో గడీ ఇంగ్లీషులో చదవాలి, అది వింటుంది, తిరిగి అప్పజెబుతుంది, అవునంటే ముందుకు పోతుంది. మా కంపోజింగ్ అమ్మాయి వేలు పెట్టి చూపిస్తుంటే నేను అష్టోత్తరం చదివినంత నిష్ఠగా చదువుతున్నాను. నాలుగో గడి సగంలో ఉండగా టీకొట్టు కుర్రాడు తలుపులోంచి తల పెట్టి "సార్, టూనా, త్రీనా?" అని అరిచాడు. మిషను రెండూ రాసుకుంది. మళ్లీ మొదటి గడి.

రెండోసారి ఫ్యాను కట్టేసి, షట్టరు సగం దించి, కుర్రాడికి వేళ్లతోనే రెండు అని చూపించి, 54 అంకెలూ పూర్తి చేశాను. మిషను కాసేపు మౌనం వహించింది. తర్వాత ఎంతో మర్యాదగా, ఈ లైసెన్సు అనుమతించిన కంప్యూటర్ల సంఖ్య పూర్తయిందని చెప్పి పెట్టేసింది. అనుమతించిన సంఖ్య ఒకటి. ఆ ఒకటీ బల్ల కింద.

ఇక మెయిలు పెట్టాను. బిల్లు స్కాన్, డబ్బా ఫొటో, సీడీ ఫొటో, విప్పిన కంప్యూటరు ఫొటో అన్నీ జత చేశాను. మా అమ్మాయి సరదాగా దాని మీద ఒక బంతిపూల దండ కూడా వేసింది, ఫొటోలో అదీ పడింది. మూడు రోజులకు జవాబు వచ్చింది. మీ ఇబ్బందికి విచారిస్తున్నాం, దయచేసి పాత కంప్యూటరులో డీయాక్టివేషన్ తెర వచ్చినప్పుడు దాని స్క్రీన్‌షాట్ తీసి పంపండి అని. మరణ ధ్రువీకరణ పత్రం మీద మృతుడి సెల్ఫీ అంటించమన్నట్టు. అది కుదరని పక్షంలో, ఈ వెర్షనుకు సేవలు ఎప్పుడో ఆగిపోయాయి గనక, కొత్త వెర్షనుకు ఏటా 14 వేలు చందా కడితే వెంటనే పని మొదలుపెట్టుకోవచ్చన్నారు. కింద మెరిసే బటన్ కూడా ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ నెలకోసారి ఇంటర్నెట్‌లో పలకరించి, చందా కట్టామో లేదో చూసుకుంటుందట. పెన్షనర్లు ఏటా నవంబరులో ఒక్కసారి బతికున్నామని సర్టిఫికెట్ ఇస్తే చాలు. మనది పన్నెండు నవంబర్ల సంవత్సరం.

కొన్నాను కదా, నాది కాదా అని మీరు అడగొచ్చు. ఈ ప్రశ్నకు మన రాష్ట్రానికి ఘనమైన చరిత్రే ఉంది. డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ వస్తువా కాదా, దాని మీద అమ్మకం పన్ను వేయొచ్చా అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ తగువు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇది మేధస్సు, చేత్తో పట్టుకునేది కాదు అని కంపెనీ వాదన. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: వస్తువే, పన్ను కట్టాల్సిందే. అంటే కొనేటప్పుడు అది కందిపప్పులాంటి వస్తువు. ఇంటికి తెచ్చి మూత తీశాక లైసెన్సు. కందిపప్పును పాత డబ్బాలోంచి కొత్త డబ్బాలోకి పోసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ లెక్కన కిరాణా కొట్లు ఎంత వెనకబడి ఉన్నాయో చూడండి. ఇక మన కాపీరైట్ చట్టం, న్యాయంగా కొన్నవాడు పాడైపోతుందనే భయంతో ఒక బ్యాకప్ కాపీ పెట్టుకోవచ్చని కూడా అంటుంది. పెట్టుకున్నాను. కాపీ దివ్యంగా ఉంది. లేవదు, అంతే.

కాలిఫోర్నియాలో అయితే 2025 జనవరి నుంచి, ఇచ్చేది ఉత్త లైసెన్సే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా సినిమాలు, ఆటలు, పుస్తకాల లాంటి డిజిటల్ సరుకు మీద 'కొనండి' అని రాయకూడదని చట్టం తెచ్చారు. మనకు అలాంటివి వద్దు. 'కొన్నాను' అని చెప్పుకోవడంలో ఉన్న తృప్తి కోసమే నేను 32 వేలు పెట్టింది.

కొన్ని కంపెనీలు మధ్యలో మెత్తబడి ఈ వ్యవస్థకు చెడ్డపేరు తెస్తుంటాయి. ఫొటోషాప్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు కట్టగా కట్టి అడోబీ కంపెనీ 2005లో తెచ్చిన సీఎస్2 సంగతే తీసుకోండి. దాని యాక్టివేషన్ సర్వర్లు ఆపేశాక, కొన్నవాళ్లు నడిరోడ్డున పడతారని, అసలు యాక్టివేషనే అడగని కాపీని సీరియల్ నంబరుతో సహా వెబ్‌సైట్లో పెట్టారు. 2013 జనవరిలో ఆ కబురు పొక్కి, ఉచితం ఉచితం అని లోకమంతా ఎగబడింది. అయ్యా, ఇది ఇదివరకు డబ్బు పెట్టి కొన్నవాళ్లకే అని కంపెనీ మొత్తుకోవలసి వచ్చింది. దయకు పోతే ఇదీ గతి. అదృష్టవశాత్తూ ఆ ఏడాది మే నెలలోనే వాళ్లు తేరుకుని, కొత్త వెర్షన్లు డబ్బాలో అమ్మేది లేదు, ఇకపై చందానే అని ప్రకటించి ఆ మచ్చ చెరిపేసుకున్నారు.

ఇంతలో షాపుకు ఒక పెద్దాయన వచ్చారు. 2016లో వాళ్ల పెద్దమ్మాయి శుభలేఖ నేనే వేశాను. ఇప్పుడు చిన్నమ్మాయి పెళ్లి. "అదే డిజైను, అదే అక్షరం ఉండాలయ్యా. పేర్లు, తేదీ మారిస్తే చాలు, నీకూ పని తక్కువ" అన్నారు. పని తక్కువే. హార్డ్‌డిస్కులోంచి ఫైలు తీసి కొత్త కంప్యూటరులో తెరిచాను. ఆ కాలపు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గదుల్లో అద్దెకుంటాయి. సాఫ్ట్‌వేర్ లేవకపోతే ఫాంటూ లేదు, ఫాంటు లేకపోతే అసలు ఇంటివాళ్లు బయటికొస్తారు. చి.ల.సౌ. ఉండాల్సిన చోట రెండు పౌండ్లు, ఒక యెన్, నాలుగు ప్రశ్నార్థకాలు నిలబడ్డాయి. వరుడి పేరు నిండా డాలర్లు.

"అల్లుడు అమెరికాలో ఉంటాడు సరే, ఇదేంటయ్యా?" అన్నారాయన.

ఇప్పుడు ఏ కంప్యూటరైనా చదివే యూనికోడ్ తెలుగులో మళ్లీ కొట్టుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు సలహా ఇస్తారు. కొట్టుకోవచ్చు. ఆయన పెద్దమ్మాయి కార్డు తెచ్చి పక్కన పెట్టి, అందులో 'శ్రీ' మెలిక ఇలా లేదు, ఒత్తు ఇలా వంగలేదు అని భూతద్దంతో చూసే రకం. అడ్వాన్సు టేబుల్ మీద పెట్టేశారు కూడా.

గత్యంతరం లేక, నాలుగు షాపుల అవతల ఫ్లెక్సీలు వేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. వాడి దగ్గర ఇదే సాఫ్ట్‌వేర్ ఉంది. అదే వెర్షను. వాడెప్పుడూ రూపాయి పెట్టలేదు, 54 అంకెలు చదవలేదు, మూడు కంప్యూటర్లు మార్చినా ఎవరికీ మెయిలు రాయలేదు. తాళం పగలగొట్టిన దొంగ కాపీ, 'క్రాక్' అంటారు. పెన్‌డ్రైవులో వచ్చింది, పెన్‌డ్రైవులో తిరుగుతోంది. "కూర్చోండి బాబాయ్, మీరే కొట్టుకోండి" అని సిస్టమ్ ఇచ్చాడు. ఫైలు తెరిచాను. పౌండ్లు, యెన్‌లు మాయమై జానక్యాః శ్లోకం నుంచి బంధుమిత్రుల అభినందనల దాకా అక్షరం పొల్లుపోకుండా నిలబడ్డాయి. పదిహేను నిమిషాల్లో పేర్లు మార్చాను. చంకలో నా ఒరిజినల్ డబ్బా ఉంది. అవసరమైతే చూపిద్దామని తెచ్చుకున్నాను, ఎవరికి చూపిద్దామనో నాకే తెలియదు.

పని అయ్యాక డబ్బులివ్వబోతే వాడు వద్దన్నాడు.

"డబ్బులొద్దు బాబాయ్. ఆ డబ్బాలో కీబోర్డు చార్టు ఉంటుందంటగా, ఏ ఒత్తు ఎక్కడుందో చూపించేది? ఒక్కసారి ఇస్తే జిరాక్స్ తీసుకుంటా. క్రాక్‌లో అదొక్కటీ రాలేదు."

ఇచ్చాను. రెండు కాపీలు తీసి, ఒకటి లామినేషన్ చేయించి మానిటర్ పక్కన అంటించుకున్నాడు.